గుడ్డిగా నొక్కినా ఎంసెట్ అర్హతే!

ఈఏపీసెట్ అని పేరు మార్చినా జనం నోట ఎంసెట్టే. ఇంజనీరింగ్ పేపర్‌లో 160 ప్రశ్నలు, 3 గంటలు, నాలుగేసి ఆప్షన్లు, నెగెటివ్ మార్కుల్లేవు. ప్రశ్న చదవకుండా మౌస్ నొక్కుకుంటూ పోయినా సగటున 40 మార్కులు పడతాయి. ఓసీలకు అర్హత మార్కు 25 శాతం. అంటే సరిగ్గా 40!

జేఈఈ మెయిన్‌లో తప్పుకు మార్కు కోస్తారుగా అంటారా? గుడ్డిగా పెట్టిన నాలుగింటిలో ఒకటి తగిలితే 4, మిగతా మూడింటికి 3 పోతాయి. ఇంకా ఒక మార్కు లాభమే. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే ప్రశ్నకు సగటున ఒకటిన్నర.

ఊహించి పెట్టడాన్నైనా క్షమించవచ్చు. ఆప్షన్లు ప్రశ్ననే మార్చేస్తాయి, గొడవంతా అక్కడుంది. అనిశ్చిత సమాకలనం (ఇంటిగ్రేషన్) అడిగితే తెలివైన పిల్లాడు సమాకలనం చేయడు. ఆప్షన్లను ఒక్కొక్కటే దానికి తిరగేసిన పని, అంటే అవకలనం (డిఫరెన్షియేషన్) చేసి, ప్రశ్నలోని ప్రమేయం ఎక్కడ తేలితే అది టిక్కు పెడతాడు. త్రికోణమితి అయితే థీటాకు ఏదో ఒక విలువ వేసి చూస్తాడు. ఫిజిక్స్‌లో మితులు (డైమెన్షన్లు) కలవని ఆప్షన్లు ముందే ఎగిరిపోతాయి. పరీక్షించాలనుకున్నది ఒకటి, పరీక్షించింది ఇంకోటి.

చేత్తో దిద్దితే ఇంకా ఘోరమన్నది ఎదుటివారి వాదన. నిజమే, 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో 99కి బదులు సున్నా పడటం చూశాం. అందుకే యంత్రం ఉండాలి, ఆప్షన్లు పోవాలి.

దారి కొత్తదేం కాదు. జేఈఈ మెయిన్ 2020లోనే జవాబును అంకెగా టైపు చేసే ప్రశ్నలు తెచ్చింది. ఇప్పుడు సబ్జెక్టుకు 5. ఎంసెట్‌లో నాలుగో వంతైనా అలా మార్చాలి. అయితే పేపరు తయారుచేసేవారికి ఒళ్లు దగ్గరుండాలి. నిశ్చల స్థితి నుంచి జారవిడిచిన రాయి 4 సెకన్లలో ఎంత దూరం పడుతుందంటే, గురుత్వ త్వరణం జి 10 అనుకుంటే 80 మీటర్లు, 9.8 అనుకుంటే 78.4. జి విలువ, ప్రమాణం, ఎన్ని దశాంశాలకు సవరించాలో ప్రశ్నలోనే రాయకపోతే కీ మీద అభ్యంతరాల వరదే. ప్రశ్నల సంఖ్యా తగ్గించాలి: ఇప్పుడు ఒక్కోదానికి దక్కేది 67.5 సెకన్లు, చివరిదాకా లెక్క చేయడానికి అవి చాలవు.

దీని దెబ్బ క్లాసురూమ్‌కే తగిలింది. ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కుల వెయిటేజీని తెలంగాణ ఎత్తేశాక, ఏడు మార్కుల లెక్కను స్టెప్పుస్టెప్పుగా బోర్డు మీద చేయించే లెక్చరర్ టైంటేబుల్‌కు బరువయ్యాడు. ల్యాబ్ పీరియడ్ సంగతి అడగనే అక్కర్లేదు. రికార్డు మాత్రం ఫిబ్రవరికల్లా పూర్తవుతుంది.