సవరణ: మేనరికాలు చట్టప్రకారం చెల్లవు అన్న మాట తప్పు

చట్టానికి మూలాలేంటి అని మొన్న పెట్టిన పోస్టులో, 1955 హిందూ వివాహ చట్టం వచ్చాక ఆచారానికి విలువ పోయింది కాబట్టి మేనరికాలు చెల్లవు అని రాశా. అది తప్పు. తెలిసిన లాయరుగారు ఒకాయన చెప్పాక బేర్ యాక్ట్ (వ్యాఖ్యానాలేవీ లేని చట్టం అసలు పాఠం) తీసి చదివా. పాత ఆచారాలు ఇక పనిచెయ్యవు అనే 4వ సెక్షన్‌లోనే, వేరేగా స్పష్టంగా చెప్పిన చోట తప్ప అనే ముక్క ఉంది, దాన్ని వదిలేశా.

అలా వేరేగా చెప్పింది 5వ సెక్షన్‌లో. నిషేధించిన బంధుత్వాల లిస్టులో మేనమామ-మేనకోడలు ఉన్నారు, మేనబావ-మేనమరదలు కూడా ఉన్నారు, కానీ ఇద్దరికీ వర్తించే ఆచారం ఒప్పుకుంటే ఆ పెళ్లి చెల్లుతుంది. ఈ మినహాయింపే లేకపోతే మన వైపు ఎన్ని పెళ్లి ఆల్బమ్‌లు కోర్టుకెక్కేవో!

అలాగని మా ఇళ్లల్లో ఇంతే అంటే కుదరదు. ఆ ఆచారం చాలాకాలంగా, తెగకుండా, ఒకేలా పాటిస్తూ వచ్చిందై ఉండాలి, అడ్డగోలుగానో ప్రజాహితానికి వ్యతిరేకంగానో ఉండకూడదు, ఒక్క కుటుంబానికే చెందినదైతే వాళ్లు దాన్ని మానేసి ఉండకూడదు, గొడవ కోర్టుదాకా వెళ్తే ఆచారం ఉందన్నవాళ్లే సాక్ష్యాలతో నిరూపించుకోవాలి. నిరూపించలేకపోతే 11వ సెక్షన్ కింద పెళ్లి చెల్లకుండా పోతుంది.

ఇంకోటి, రాజ్యాంగం 13వ అధికరణం కూడా చట్టబలం ఉన్న ఆచారాన్ని చట్టం కిందే లెక్కేసింది, కాబట్టి ప్రాథమిక హక్కులకి అడ్డొస్తే దాన్నీ కొట్టేయొచ్చు.

పాత పోస్టులో ఆ పేరా తీసేశా, మిగతా మూలాలైన శాసనాలు (చట్టసభలు చేసే చట్టాలు), కోర్టు తీర్పుల గురించి రాసింది అలాగే ఉంచా.