చిన్న మెషిన్‌కి కార్బైడ్ కట్టరా?

(భీమవరం శివారులో రేకుల షెడ్డు. చుట్టూ రొయ్యల చెరువులు. బల్లకు బిగించిన చిన్న మిల్లింగ్ మెషిన్ (తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసేది) వైస్‌లో, చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్ షాఫ్టు ఉంది. 20 ఎం.ఎం. స్టెయిన్‌లెస్ స్టీలు. దాని మీద 6 ఎం.ఎం. వెడల్పు కీవే (తాళపు ముక్క కూర్చునే గాడి) ఒక ఎం.ఎం. లోతు దిగి ఆగిపోయింది. మావయ్య 40 ఏళ్లుగా లేత్ మీద ఉన్నాడు. అల్లుడు డిప్లొమా చదివి ఈ మెషిన్ కొన్నాడు.)

మావయ్య: చూశావా, కట్టర్ మూల ఎగిరిపోయింది. కార్బైడ్ గాజులాంటిదిరా అల్లుడూ. గట్టిదే, వణుకే ఓర్చుకోదు. నీ మెషిన్ వణుకుతోంది.

అల్లుడు: గాజే అనుకోండి, కానీ వంగదు మావయ్యా. అదే సైజు హెచ్.ఎస్.ఎస్., అదే హైస్పీడ్ స్టీలు కట్టర్, ఎంత వంగుతుందో ఇది అందులో మూడో వంతే. పైగా స్టెయిన్‌లెస్ వేడికి మీ హెచ్.ఎస్.ఎస్. అంచు మెత్తబడిపోతుంది.

మావయ్య: స్పీడ్ ఎక్కువ పెడితే మెత్తబడుతుంది. అంచు నిమిషానికి 15 మీటర్లు నడిస్తే చాలు. 6 ఎం.ఎం. కట్టర్‌కి ఆర్పీఎం ఎంతో చెప్పు.

అల్లుడు: 15ని 1000తో గుణించి, 3.14తోనూ 6తోనూ భాగిస్తే... సుమారు 800.

మావయ్య: అదే కార్బైడ్‌కి 60 మీటర్లనుకో.

అల్లుడు: 3,200. నా మెషిన్ 2,500 దాకానే వెళ్తుంది. అయినా తక్కువలో తిప్పినా కోస్తుంది కదండీ!

మావయ్య: కోస్తుంది. మరి దాని సత్తా వాడుకోలేనప్పుడు పెళుసుదనానికి డబ్బులెందుకు పొయ్యడం? అది సరే, ఈ రజను చూడు. పొడిలా ఉంది. చిప్పు రాలేదంటే కట్టర్ కొయ్యలేదు, రుద్దింది. స్టెయిన్‌లెస్‌ని రుద్దితే పైపొర గట్టిపడుతుంది. వెనకొచ్చే పన్ను ఆ గట్టి పొరనే కొరకాలి.

అల్లుడు: విరుగుతుందేమోనన్న టెన్షన్‌తో హ్యాండిల్ మెల్లగా తిప్పానండి.

మావయ్య: అందుకే నాలుగు ఫ్లూట్లు, అదే పళ్ల మధ్య గాళ్లు, ఉన్న కట్టర్ వద్దన్నాను. నువ్వు తిప్పే ఆ కాస్త ఫీడ్‌ని నాలుగు పళ్లు పంచుకుంటే ఒక్కోదానికి ఏం మిగులుతుంది? రెండే ఉంటే వాటా రెట్టింపు. గాడిలోంచి చిప్పు బయటికొచ్చే దారీ పెద్దది.

అల్లుడు: పక్క గోడ నున్నగా తీయడానికి నాలుగే మేలు.

మావయ్య: ఆయ్, దానికి కాదనను. కీవేకి మాత్రం రెండే. మధ్యలో గుంట ఉన్న నాలుగు ఫ్లూట్ల కట్టరైతే నిలువుగా దిగనే దిగదు.

అల్లుడు: ఒక మాట చెప్పనాండి? మీ డబ్బాలో కట్టర్లు గోరు మీద లాగి చూశాను. ఒక్కటీ గోరు చెక్కలేదు, జారిపోయాయి. మొద్దుబారిన హెచ్.ఎస్.ఎస్.తో కోసినా రుద్దడమే కదా? పొడవూ ఎక్కువే. 15 బదులు 30 ఎం.ఎం. బయటికి ఉంటే ఎనిమిది రెట్లు వంగుతుంది.

మావయ్య: (కాసేపు ఆగి) డబ్బా సంగతి ఒప్పుకున్నాను. మీ అత్త పారెయ్యమని ఎప్పటినుంచో పోరుతోంది. ఇంతకీ ఈ విరిగినదాన్ని దేంట్లో పట్టావు?

అల్లుడు: డ్రిల్ చక్‌లో. కట్టర్‌ని చుట్టూ బిగించి పట్టే కొలెట్ నిన్ననే వచ్చింది, ఇంకా విప్పలేదు.

మావయ్య: ఓరి నీ! చక్కు నిలువు బరువుకి పుట్టింది, పక్క తోపుకి కాదు. దవడల్లో కట్టర్ ఊగుతుంటే ఏ లోహమైనా ఒకటే. గంటనుంచీ నన్ను వాగించావు.

అల్లుడు: అంటే తప్పు కార్బైడ్‌ది కాదన్నట్టేగా?

మావయ్య: సగం దానిదే. పొట్టి కట్టర్, రెండు ఫ్లూట్లు, కోబాల్ట్ కలిసిన హెచ్.ఎస్.ఎస్. ఉందా?

అల్లుడు: 5 ఎం.ఎం.ది ఉంది, కొత్తది.

మావయ్య: మరీ మంచిది. ముందు దాంతో నడుమ దింపి, తర్వాత అటూ ఇటూ అర ఎం.ఎం. తీస్తే కీవే కొలత నీ చేతిలో ఉంటుంది. లోతు మొత్తం మూడున్నర. తడవకి పావు ఎం.ఎం. దింపు, కట్టర్ పన్ను ఆ గట్టి పొర కిందికి పోవాలి. పైపైన పామకు, మధ్యలో ఆగకు. కటింగ్ ఆయిల్ నేను పోస్తాను.

అల్లుడు: ఇప్పుడేనా? చీకటి పడుతోందండి.

మావయ్య: రాత్రికి ఏరియేటర్ తిరక్కపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. ఆ కొలెట్ పెట్టె ఇటు ఇయ్యి.