8080లో ఎవరున్నారు?

లెక్కలన్నీ ఒకే తెర మీద గీతలుగా చూపించే డ్యాష్‌బోర్డు లేని రొయ్యల వ్యాపారం వ్యాపారమే కాదని చెన్నై నుంచి వచ్చిన ఒక ఎక్స్‌పోర్టు ఆయన మా ఓనరు చెవిలో వేసి వెళ్లాడు. ఇందుకూరుపేటలో మాది రొయ్యలు కొనే ఆఫీసు. గుమస్తాగా లెక్కలన్నీ నా చేతి మీదుగానే పోతాయి. నన్నడిగితే ఆ డ్యాష్‌బోర్డు చెప్పేదేదో నేనే చెప్పేవాణ్ని. గుమస్తానెవరడుగుతారు? బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఓనరు మేనల్లుడు పెళ్లికని ఊరొస్తే, ఆయన వాణ్ని విడిదింట్లోంచే పట్టుకొచ్చారు.

అల్లుడు ఆ డ్యాష్‌బోర్డు కోసం ఒక బిజినెస్ అనలిటిక్స్ సర్వర్ డౌన్‌లోడ్ చేసి, స్టార్టప్ ఫైలు మీద నొక్కాడు. నల్ల కిటికీ తెరుచుకుంది, ఏదో ఇంగ్లీషులో గొణిగింది, మాయమైంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ మాయం.

ఇక ఎవరికి తోచిన వైద్యం వాళ్లది. యూపీఎస్ బ్యాటరీలో నీళ్లు తగ్గాయన్నాడు కరెంటు పని చేసే ఆయన. యాంటీవైరస్ మింగేస్తోందన్నాడు ఫీడు డీలరు. రాహుకాలంలో మొదలుపెట్టారు మరి, అన్నారు ఓనరమ్మ. ఓనరు నిట్టూర్చారు: "రొట్టెల పండగలో ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె ఉన్నట్టు సర్వరు రొట్టె గూడా ఉంటే ఎంత బాగుండు! సర్వరు లేచినోళ్లెవరన్నా స్వర్ణాల చెరువులో దొరికితే వాళ్ల చేతి రొట్టె తినేవాణ్ని."

గుట్టు విప్పింది ఐసు కొట్టే కుర్రాడు. ఫోన్లో స్లోమోషన్ వీడియో తీసి, సరిగ్గా అక్షరాలున్న చోట ఆపాడు. జావా హోమ్ అనే వేరియబుల్ పెట్టలేదని ఉంది. అంటే సర్వరు నడవడానికి కావలసిన జావా కంప్యూటర్లో ఉంది గానీ, ఏ ఫోల్డర్లో ఉందో సర్వరుకు ఎవరూ చెప్పలేదు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అందులోంచి నడిపితే ఆ మాట మాయం కాకుండా తెర మీదే ఉండేదట. అల్లుడికి ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బెంగళూరులో ఈ పని వేరే టీముదట.

జావా దారి చూపించారు. బ్రౌజర్లో లోకల్‌హోస్ట్ 8080 కొట్టగానే పేజీ తెరుచుకుంది. అందరూ చప్పట్లు.

"ఇది మన కాటా బిల్లు గదరా!" అన్నారు ఓనరు.

నిజమే. ఈ అనలిటిక్స్ సర్వరు లోపల ఉండేది టామ్‌క్యాట్ అనే వెబ్ సర్వరు. మనం మార్చకపోతే అది 8080 పోర్టే అడుగుతుంది. పోర్టంటే కంప్యూటర్లో ప్రోగ్రాము కూర్చునే సీటు నంబరు లాంటిది. పోర్టులు 65,535 దాకా ఉన్నా చాలా ప్రోగ్రాములకు ఆ నంబరు మీదే మోజు. మా కాటా ప్రోగ్రాము ఎప్పుడో వచ్చి, ఆర్టీసీ బస్సులో తువ్వాలు వేసినట్టు ఆ సీటు పట్టేసుకుంది. లాగ్ ఫైల్లోనూ అదే రాసుంది, 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అని. చదివే ఓపిక ఎవరికుంది? ఏ పోర్టులో ఎవరున్నారో చెప్పే నెట్‌స్టాట్ కమాండ్ కొడితే ప్రాసెస్ నంబరుతో సహా దొరికింది. అల్లుడు టాస్క్ మేనేజర్ తెరిచి దాన్ని అక్కడికక్కడే చంపేశాడు.

మరుక్షణం బయట్నుంచి కేక. "అన్నా, బిల్లు రావట్లా!"

కాటా మీద రొయ్యలు, బాక్సుల్లో కరిగిపోతున్న ఐసు. "రొయ్య మెత్తబడితే రేటు కోస్తారు, ఆ డబ్బులు మీ కంప్యూటరు ఇస్తాదా?" అని రైతు నా మీదికొచ్చాడు. చేతి బిల్లుల పుస్తకం బయటికి తీశాను.

చివరికి టామ్‌క్యాట్ సెట్టింగులుండే సర్వర్ ఎక్స్ఎంఎల్ ఫైల్లో 8080ని 8081 చేసి, కాటా ప్రోగ్రామును మళ్లీ లేపాక రెండూ గొడవ పడకుండా నడిచాయి. డ్యాష్‌బోర్డు వెలిగింది. 100 కౌంటు గీత ఆకాశాన్నంటుతోంది. పక్కనే 30 కౌంటు గీత నేల కరుచుకుని ఉంది. కిలోకు 30 తూగేవి పెద్ద రొయ్యలు, మంచి రేటు వాటికే. 100 తూగేవి చిన్నవి. సాఫ్ట్‌వేరుకు అదేం తెలుసు, అంకె పెద్దదైతే గీత పొడుగు. పైగా నెల రోజుల కౌంట్లన్నీ కూడేసి, 'మొత్తం కౌంటు' అని నెత్తిన ఓ పేద్ద సంఖ్య!

"చిన్న రొయ్యను అంత ఎత్తు ఎక్కించావేందిరా? ఆ గీత తగ్గించు."

"గీత తగ్గాలంటే రొయ్య పెరగాలి మామా."

"అట్టయితే దీన్ని తీసకపోయి చెరువులో ఇన్‌స్టాల్ చెయ్యిపో!"