జంతువుల కామిక్స్‌ను వెంటనే అదుపు చేయాలి

ప్రభుత్వం, తల్లిదండ్రులు, కోచింగ్ సెంటర్ల యాజమాన్యాలు కలిసికట్టుగా మేలుకోవలసిన సమయమిది. అయిదారేళ్ల పిల్లలకు వింత జంతువుల సంగతులు కామిక్స్ వేసి చెబుతున్నారు. అన్నీ నిజాలేనట, పైగా నవ్వు పుట్టేలా! అబద్ధాలైతే పోనీలే అని సర్దుకుపోయేవాళ్లం.

మన నీతికథల్లో జంతువులకు పద్ధతైన ఉద్యోగాలుండేవి. సింహం రాజ్యమేలేది, నక్క మోసం చేసేది, కుందేలు నిద్రపోయి ఓడిపోయేది. చివర్లో నీతి అప్పజెప్పి ఎవరి అడవికి అవి వెళ్లిపోయేవి. ఇన్నేళ్లలో ఒక్క జంతువైనా దొడ్డికి వెళ్లిందా? అదీ మర్యాదంటే.

ఇప్పుడు చూడండి. మా మనవరాలు అన్నం తింటూ, "తాతయ్యా, వాంబాట్ పెంటికలు పాచికల్లా ఉంటాయి తెలుసా?" అంది. ముద్ద మింగవే అంటే మింగలేదు సరికదా, కారణం కూడా చెప్పింది. ఆ ఆస్ట్రేలియా జంతువు పేగు గోడ ఒకచోట బిగువుగా, ఇంకోచోట వదులుగా ఉంటుందట. అందుకే పేగు చివరికి వచ్చేసరికి మూలలు తేలతాయట. ఈ గుట్టు విప్పినవాళ్లకు 2019లో భౌతికశాస్త్రంలో ఇగ్ నోబెల్ ఇచ్చారు. ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. మన బళ్లలో నవ్వగానే బయట నిలబెడతారు కాబట్టి ఆలోచన దాకా వ్యవహారం పోదు.

ఆస్ట్రేలియాదే మరో జంతువు ప్లాటిపస్. 1799లో దాన్ని వర్ణించిన ఇంగ్లండు శాస్త్రవేత్త జార్జ్ షా, ఎవరో బాతు ముక్కు తెచ్చి అతికించారేమోనని అనుమానపడ్డాడు. పెద్దమనిషి. పాలిచ్చే జంతువు గుడ్లు పెట్టడమేమిటి? మగదాని వెనకకాలికి విషపు ముల్లేమిటి? బిట్ పేపర్లో ఏ గడిలో టిక్కు పెట్టాలి?

రేపు ఎవరైనా కుంచె పట్టుకుని మన అడవుల్లో దూరితే మన పరువేం కాను? దేవాంగపిల్లి తన మూత్రమే చేతులకూ కాళ్లకూ పూసుకుంటుంది. ఒంటినిండా పొలుసులుండే అలుగుకు పళ్లే లేవు. చీమల్నీ చెదల్నీ నాకేసి, మింగిన రాళ్లతో పొట్టలోనే నూరుకుంటుంది. భయమేస్తే బంతిలా చుట్టుకుంటుంది. పులికి కొరుకుడు పడదు గానీ, దొంగ వేటగాడి గోనెసంచిలో ఇట్టే పడుతుంది. దాని పొలుసులు మన గోళ్ల సరుకే. అయినా మందు అనుకుని కొనేవాళ్లున్నారు. ఇది తెలిస్తే పిల్లలు ఊరుకుంటారా? "వాళ్ల గోళ్లు వాళ్లే కొరుక్కోవచ్చుగా?" అని అడుగుతారు. జవాబెవరు చెప్పాలి?

కలివికోడి అనే పిట్టది మరీ విడ్డూరం. 1900 తర్వాత శాస్త్రజ్ఞుల కంటపడక, ఇక లేదనుకున్నాక, 1986లో కడప జిల్లా చిట్టడవిలో బయటపడింది. దానికోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది. తెలుగుగంగ కాలువ దారి మార్చుకుంది. పగలంతా పొదల చాటున నక్కే పిట్ట ఇంజనీర్ల చేత గీత చెరిపించి మళ్లీ గీయించిందని బొమ్మేసి చూపిస్తే, ప్రతి శంకుస్థాపన దగ్గరా ఓ పిల్లకాయ లేచి "ఇక్కడ ఏ పిట్ట ఉంది సార్?" అనడూ?

నిషేధించమని నేననను. నిషేధిస్తే దుప్పట్లో టార్చిలైటు వేసుకుని మరీ చదువుతారు. సిలబస్‌లో చేరిస్తే చాలు. రంగులు తీసేసి, మాటల బుడగలు చెరిపేసి, పాఠం వెనక అభ్యాసం ఇవ్వాలి: "వాంబాట్ పెంటిక పటము గీసి, భాగములను గుర్తింపుము. (4 మార్కులు)"