ఇంజను ఇప్పలేదట!

"ఇంజను ఇప్పలే సారూ!"

పాత పికప్ బండిని అమ్మజూపేవాడు ధర చెప్పడానికి ముందే, ఆర్సీ చూపించడానికి చాలా ముందే పలికే తొలి వాక్యం ఇది. పదమూడేళ్లుగా ఇసుకా, కంకరా, బత్తాయిలూ, పెళ్లి సామానూ, ఎన్నికల మైకులూ మోసిన యంత్రాన్ని ఇన్నేళ్లలో ఒక్క మనిషీ విప్పి చూడలేదన్న సంగతి ఎప్పటి నుంచి గొప్పతనమైందో పెద్దలెవరైనా సెలవియ్యాలి. మా వాడు పదమూడేళ్లుగా పళ్లు తోమలేదని పెళ్లిచూపుల్లో వరుడి తరఫువారు చెప్పుకుంటే మనం లేచి చెప్పులు వేసుకుంటాం. బండి దగ్గర మాత్రం అదే మాటకు కరిగిపోయి బయానా ఇస్తాం. నేను ఇచ్చాను.

నాకు నల్లగొండ జిల్లాలో కనగల్ వైపు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. కాయను హైదరాబాదు దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్టుకు చేర్చే కిరాయి ఏటేటా పెరుగుతుంటే, సొంత బండి ఉంటే ఆ డబ్బంతా మిగులుతుందని మా బామ్మర్ది కాగితం మీద లెక్క వేసి చూపించాడు. బామ్మర్దుల లెక్కల్లో మరమ్మతు అనే పద్దు ఉండదు. రెండు లక్షల నలభై వేలకు బేరం తెగింది. నంబరు పలక మీద ఏపీ 24 అని ఉంది, అంటే 2014 జూన్‌కు ముందే రోడ్డెక్కిన బండి. ఆ తర్వాత జిల్లాకు టీఎస్ 05 వచ్చింది, 2024లో టీఎస్ కాస్తా టీజీ అయింది. నా బండి మాత్రం ఇంకా ఉమ్మడి రాష్ట్రంలోనే పొగ వదులుతోంది.

చూడబోయిన రోజున బానెట్ వెచ్చగా ఉంది. "మీరొస్తున్నరని ఇప్పుడే కడిగిచ్చి తెచ్చిన సారూ" అన్నాడు బ్రోకరు. ఆ వెచ్చదనంలోనే కిటుకు ఉందని తెలియడానికి నాకు ఒక రాత్రి పట్టింది. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. సిలిండరులో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకోవాలి. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగితే ఆ గాలి పక్కల నుంచి జారిపోతుంది, కాబట్టి వేడి మీద ఒక్క సెల్ఫుకే లేచే ఇంజను చలికాలం తెల్లవారుజామున ముసలి తాతలాగా దగ్గి, మూలిగి, మళ్లీ అటు తిరిగి పడుకుంటుంది.

అప్పటి నుంచి నా బతుకు వాలు మీద నడుస్తోంది. ఎక్కడ ఆపినా బండి ముక్కును పల్లానికి పెట్టే ఆపాలి. బంధువులు భోజనానికి పిలిస్తే, మీ ఇంటి ముందు పల్లం ఎటువైపు ఉందని ముందుగా ఫోనులో కనుక్కుంటాను. నల్లగొండలో ఏ సందు ఎటు వాలి ఉందో నాకు తెలిసినంతగా మురుగు కాలువలు తవ్వేవారికి తెలిసి ఉంటే, వానాకాలంలో జనం ఇళ్లలోంచి బిందెలతో నీళ్లు తోడిపోసుకునే అవసరమే ఉండేది కాదు. పల్లం దొరకని రోజున తోయడానికి నలుగురు కావాలి. మా వాడలో పొద్దున్నే పాలకు వెళ్లేవారందరూ ఇప్పటికే దారి మార్చుకున్నారు. ఒకసారి చావు ఇంటికి వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు వేరే దిక్కు లేక, అప్పుడే పాడె మోసి వచ్చినవారి చేతనే బండి తోయించాను. రెండో గేరులో పట్టి క్లచ్ వదలగానే ఇంజను లేచింది, నల్లటి పొగ ఆ నలుగురి తెల్ల తువ్వాళ్ల మీద సమంగా పడింది, వారిలో ఒక పెద్దాయన ముఖం తుడుచుకుంటూ, "పోయినాయనే నయం, సప్పుడు లేకుంట పోయిండు" అన్నాడు.

చివరికి హైదరాబాదు రోడ్డులో ఒక షెడ్డుకు చేర్చాను. ఉస్తాద్ పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద మోపి, పిడిని చెవికి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. టీ తెచ్చిన పిల్లవాడు సైతం గ్లాసుల చప్పుడు కాకుండా పట్టుకుని నిలబడ్డాడు. తరువాత ఆయిలు పోసే మూత తీయించాడు. అన్నం ఎసరు మూత తీసినట్టు లోపలి నుంచి గుప్పుగుప్పున పొగ వచ్చింది. "బ్యాక్ కంప్రెషన్ కొడుతుంది" అని, అంటే నొక్కిన గాలి రింగుల పక్కల నుంచి కిందికి జారిపోతోందని తీర్పు వెలువడింది. సైలెన్సరులోంచి నీలం పొగ వస్తే ఆయిలు కాలుతున్నట్టు, నల్లటి పొగ వస్తే నాజిళ్లు పాడైనట్టు, తెల్లపొగ ఆగకుండా వస్తే హెడ్ గ్యాస్కెట్ పోయి సిలిండరులోకి నీళ్లు దిగుతున్నట్టు అని ఆయన నాకు వివరించి, మూడు రంగులూ ఒకే పూటలో వదిలే బండిని ఇంతవరకు చూడలేదని నన్ను మనసారా అభినందించాడు. ఇంజను వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ ఉండవలసిన చోట ఖాళీ ఉంది. బండి వేడెక్కుతోందని ఎవరో మహానుభావుడు దాన్ని పీకి పారేశాడు. కూలెంటుకు బదులు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తే, మన బిందెల అడుగున పేరుకునే ఆ తెల్లటి ఉప్పే రేడియేటరు గొట్టాల నిండా పేరుకుంటే, వేడెక్కక ఏం చేస్తుంది? అంటే విప్పనిది ఇంజను ఒక్కటే. దాని చుట్టూ ఉన్నవాటినన్నిటినీ విప్పారు, కొన్నింటిని తిరిగి పెట్టనూ లేదు.

అరిగిన సిలిండర్లను బోరు చేయించి, పిస్టన్లూ రింగులూ మార్చాలంటే ఇంజను విప్పక తప్పదన్నాడు ఉస్తాద్. బ్రోకరుకు ఫోను చేశాను. అతను ఏమాత్రం తొణకకుండా, "ఇప్పిచ్చినంక నాకేం సంబంధం లేదు సారూ. నేనిచ్చిననాడు ఇప్పలే కదా" అన్నాడు. ఈ తర్కానికి జవాబు దొరికిన వకీలు ఎవరైనా ఉంటే ఫీజు అడ్వాన్సుగా ఇస్తాను.

ఇంజనుకు డెబ్భై ఎనిమిది వేలు అయింది. క్లచ్ ప్లేటు, జాయింటు క్రాసు, కమాను కట్టలో విరిగిన మూడు పట్టీల లెక్క వేరే. పాతబడేకొద్దీ బండి విలువ పడిపోతుంది గానీ థర్డ్ పార్టీ బీమా పడిపోదు. 7,500 కిలోల లోపు సరుకు బండికి 2022లో నిర్ణయించిన ప్రీమియం 16,049 రూపాయలు, కొత్తదైనా అంతే, నాదైనా అంతే. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, గడువు దాటితే రోజుకు 50 రూపాయలు అదనంగా కట్టాలి. విడిభాగాల కోసం షెడ్డులో ఇటుకల మీద కూర్చున్న 41 రోజుల్లో నా బండి కదలకుండానే 2,050 రూపాయలు సంపాదించింది, నాకు కాదు.

పనిలో పనిగా చక్రాలు కూడా విప్పించాను. వెనుక ఎడమ డ్రమ్ములో బ్రేకు లైనింగు లేదు. రివెట్లు ఇనుముకు రాసుకుని డ్రమ్ము లోపల గాడులు పడ్డాయి. మాస్టర్ సిలిండరు కారుతోంది, అందుకే సీటు కింద సగం తాగిన బ్రేకాయిలు డబ్బా ఉంది. ఈ బండికి నిరుడు ఫిట్‌నెస్ కాగితం వచ్చింది. నాకు అమ్మకముందు ఈ బండిలో ఏం తోలేవారని షెడ్డులో అడిగితే, పత్తి ఏరే కూలీలను తోలేవారని చెప్పారు. ముప్పై మంది ఆడవాళ్లు, అన్నం డబ్బాలతో, నిలబడి! ఇంజను ఇప్పలేదని మీసం మెలేసినవాడికి బ్రేకులు కూడా ఇప్పలేదని చెప్పడానికి నోరు రాలేదెందుకు? 2018 ఏప్రిల్‌లో మన పీఏపల్లి మండలంలో కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది చనిపోయారు, అయినా ఆ దారుల్లోనే ఈ రోజు పొద్దున కూడా బండ్లు జనంతో కిక్కిరిసి పోయాయి. సరుకు బండిలో సరుకుతో పాటు వెళ్లే సొంతదారుకు బీమా వర్తించేలా 1994లో చట్టాన్ని సవరించారు. ఊరికే ఎక్కించుకున్న మనిషి చనిపోతే బీమా సంస్థ చెల్లించనక్కర్లేదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. బత్తాయి బస్తాల పక్కన కూర్చున్న నాకు విలువ ఉంది, పత్తి ఏరబోయే తల్లికి లేదు. ఆమెను ఎక్కించినవాడు, ఆ బండికి సంతకం పెట్టినవాడు, పది రూపాయలు తక్కువకు వస్తుందని ఆ బండినే పిలిపించిన రైతు, వీళ్లలో ఒక్కడికి కూడా రాత్రి నిద్ర చెడదు.

బ్రేకులన్నీ కొత్తవి వేయించి, బండిని అమ్మకానికి పెట్టాను. మొన్న తిప్పర్తి నుంచి ఒకాయన వచ్చాడు. టైర్లను కాలితో తన్ని చూశాడు, హారన్ కొట్టి చూశాడు, బానెట్ కింద తల పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇంజను ఇప్పినట్టున్నరు?"

విప్పించానని, బిల్లులు కూడా ఉన్నాయని ఫైలు ముందు పెట్టాను. ఆయన ఫైలు తెరవలేదు. బ్రేకుల మాట నేను మొదలుపెట్టేలోపే తలపాగా దులిపి భుజాన వేసుకుని, "వద్దులే సారూ, ఇప్పిన బండి మాకు అచ్చిరాదు" అని లేచాడు.