లెక్కలోకి రాని కునుకు

సంక్రాంతి ముందు రోజుల్లో హైదరాబాద్-విజయవాడ రహదారి మీద కార్ల బారులను టీవీలన్నీ చూపిస్తాయి. పంతంగి టోల్‌ప్లాజా ఎన్ని వాహనాలు దాటాయో గంట గంటకూ చెబుతాయి. ఆ పక్కనున్న ఇరుకు దారిలోంచి జారుకునే బైకుల ఊసు మాత్రం ఎక్కడా ఉండదు. వాటికి టోల్ లేదు కాబట్టి ఆపేవారు లేరు, లెక్కపెట్టేవారూ లేరు.

వాటి మీద వెళ్లేవారు సరదాకి బయల్దేరిన వాళ్లు కాదు. రైలు టికెట్ వెయిటింగ్ లిస్టులో ఆగిపోయి, ప్రైవేటు బస్సు చార్జీ చూసి వెనక్కి తగ్గినవాళ్లే ఎక్కువ. పగలంతా డ్యూటీ చేసి, ఇంటికొచ్చి సామాను సర్దుకుని, ఏ రాత్రి పదింటికో బండి తీస్తారు. వెనక భార్య, ఇద్దరి మధ్య పిల్లాడు, ట్యాంకు మీద బ్యాగు. విజయవాడకే 270 కిలోమీటర్లు. శ్రీకాకుళం వెళ్లాలంటే సుమారు 700. తెల్లారేసరికి ఊళ్లో ఉండాలన్న ఆశ ఒక్కటే వాళ్లను నడిపిస్తుంది.

మొహానికి గాలి కొడుతుంటే నిద్రెలా వస్తుందని చాలామంది ధీమా. నిజానికి బండి మీద అలసట ఇంకా త్వరగా కమ్ముకుంటుంది. గంటల తరబడి ఎదురుగాలి, చలి, హెల్మెట్‌లో ఒకటే హోరు, కళ్లముందు కదలని చుక్కలా లారీ ఎర్రలైటు. ముందు రెప్పలు బరువెక్కుతాయి. తర్వాత బండి తెలియకుండానే తెల్లగీత వైపు జరుగుతుంది. సూర్యాపేట దాటామో లేదో గుర్తురాదు. అక్కడికే మెదడు ముక్కలు ముక్కలుగా నిద్రపోవడం మొదలైందన్నమాట. కళ్లు తెరిచి ఉండగానే రెండు మూడు సెకన్లు కునుకు పట్టేయగలదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే దాదాపు 67 మీటర్లు. కారులో అయితే చుట్టూ ఇనుప గూడైనా ఉంటుంది. బైకు మీద చేతిపట్టు సడలితే చాలు, లైట్లు లేకుండా రోడ్డు వార ఆపిన లారీ కిందికే.

పొద్దున ఆరింటికి లేచిన మనిషికి రాత్రి పదకొండుకు 17 గంటల మెలకువ పూర్తవుతుంది. అప్పటి అతని చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనలు తేల్చాయి. మన చట్టం 30 మిల్లీగ్రాములు దాటితే చాలు, కేసు పెడుతుంది. తాగినవాడిని పట్టుకోవడానికి పరికరం ఉంది. నిద్రమత్తులో ఉన్నవాడిని ఆపి, కాసేపు పడుకో నాయనా అని చెప్పే ఏర్పాటు మాత్రం లేదు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవారే. కారణాల పట్టికలో 70 శాతానికి పైగా మరణాలు అతివేగం ఖాతాలోకి వెళ్లాయి. మద్యం, రాంగ్ రూటు, సిగ్నల్ జంపింగ్, సెల్‌ఫోన్ ఒక్కోదానికి ఒక్కో గడి ఉంది. నిద్రకు లేదు. తెల్లవారుజామున నాలుగింటికి డివైడర్‌ను కొట్టుకున్న యువకుడిది అతివేగమని రాసేస్తే ఫైలు మూతపడుతుంది. అతను ఎన్ని గంటలుగా మేలుకుని ఉన్నాడో ఇంట్లోవాళ్లను ఒక్కమాట అడిగితే అసలు సంగతి తెలిసేది. ఎఫ్ఐఆర్‌తో పాటు పోలీసులు నింపే ప్రమాద వివరాల్లో ఆ ప్రశ్న చేర్చాలని మేం కోరుతున్నాం.

రాత్రిపూట డ్రైవర్లను ఆపి ముఖం కడిగించి పంపే మంచి పని పోలీసులు కొన్నిచోట్ల చేస్తున్నారు. ఆ చల్లదనం కొద్ది నిమిషాలే. టీ తాగినా, అది పనిచేయడానికి అరగంట దాకా పడుతుంది. ముంచుకొచ్చిన నిద్రకు నిద్రే మందు. ఇరవై నిమిషాలు నడుం వాల్చినా మనిషి తేరుకుంటాడు. కానీ ఎక్కడ వాల్చాలి? మగవాడు ఒక్కడే అయితే బంకు అరుగు మీదో, హోటల్ ముందు బల్ల మీదో సర్దుకుంటాడు. భార్యాబిడ్డలతో ఉన్నవాడు ఆ చీకట్లో ఎక్కడ ఆగుతాడు? ఆగే చోటు లేకే, ఇంకో యాభై కిలోమీటర్లే కదా అని లాగించేస్తాడు.

పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌ప్లాజాల దగ్గర బైకుల దారి పక్కనే ఒక షెడ్డు, వెలుతురు, మంచినీళ్లు, మరుగుదొడ్డి, ఆడవాళ్లకు విడిగా గది, బండికి, సామానుకు ఓ కాపలా మనిషి ఉంటే చాలు. రోజూ అక్కడ వసూలయ్యే సొమ్ముతో పోలిస్తే ఇదేమంత ఖర్చు కాదు. యాజమాన్యాలు కూడా పండగ సెలవు ఒక పూట ముందే ఇవ్వాలి. అప్పుడు ఆ రాత్రి ఇంట్లో పడుకుని, తెల్లారాక బయల్దేరే వీలుంటుంది. ఈ రహదారిని ఆరు వరుసలుగా విస్తరించేందుకు కేంద్రం సన్నాహాలు చేస్తోంది. ఆ డిజైన్లలో ఈ షెడ్లకు ఇప్పుడే చోటు పెట్టాలి. అవి కట్టేలోగా వచ్చే సంక్రాంతికి కనీసం టెంట్లయినా వేయించే పూచీ రెండు రాష్ట్రాల రవాణా మంత్రులు తీసుకోవాలి.