థైరాయిడ్ గడ్డ: ప్రొటీన్ మార్కర్ తీర్పు చెప్పగలదా?

గొంతు దగ్గర గడ్డ తగిలితే మొదట స్కానింగ్, తర్వాత సన్న సూదితో కణాలు తీసి చూసే ఎఫ్‌ఎన్‌ఏసీ. థైరాయిడ్ గడ్డల్లో అత్యధికం క్యాన్సర్ కావు కాబట్టి చాలామందికి టెన్షన్ అక్కడితో తీరిపోతుంది. చిక్కల్లా రిపోర్టులో బెథెస్డా 3 అనో 4 అనో (సూది పరీక్ష ఫలితాల వర్గీకరణలో సందేహపు తరగతులు) వచ్చినవాళ్లకే. క్యాన్సర్ అని తేల్చరు, కాదనీ అనరు.

ఇందులో పాథాలజిస్టును తప్పుపట్టాల్సింది లేదు. ఫోలిక్యులర్ అడెనోమా (క్యాన్సర్ కాని గడ్డ) కణాలు, ఫోలిక్యులర్ కార్సినోమా (క్యాన్సర్ గడ్డ) కణాలు సూదికి వచ్చినంతవరకు దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది గడ్డ చుట్టూ ఉండే పొర దగ్గర. కణాలు దాన్ని చీల్చుకుని బయటికి గానీ, రక్తనాళాల్లోకి గానీ చొరబడితే అది క్యాన్సర్. సూదికి ఆ పొర సంగతి తెలియదు. అందుకే సగం థైరాయిడ్ తీసేశాక, తీరా అది మామూలు గడ్డేనని తేలడం కొత్తేమీ కాదు.

అలాంటి ఆపరేషన్లు తప్పించాలనే గలెక్టిన్-3, హెచ్‌బీఎంఈ-1, సైటోకెరాటిన్-19 లాంటి మార్కర్లను, అంటే క్యాన్సర్ కణాలను పట్టిచ్చే గుర్తులను, వెతికారు. యాంటీబాడీతో పరీక్షిస్తే ఆ ప్రొటీన్ ఉన్న కణాలు స్లైడు మీద గోధుమ రంగు తిరుగుతాయి. చూడటానికి ఎంత స్పష్టంగా ఉంటుందో, అర్థం చెప్పడం అంత కష్టం. గలెక్టిన్-3 మీద 2008లో లాన్సెట్ ఆంకాలజీలో వచ్చిన అధ్యయనంలో నిర్దిష్టత (క్యాన్సర్ కాని గడ్డను కాదని సరిగ్గా చెప్పడం) 93 శాతం. బాగానే ఉంది. కానీ అందులోనే 130 క్యాన్సర్లలో 29 దొరకలేదు. పైగా హషిమోటో థైరాయిడైటిస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే థైరాయిడ్ మీద దాడి చేసే జబ్బు) ఉన్నవాళ్లలో క్యాన్సర్ లేకున్నా ఈ మార్కర్ పాజిటివ్ రావచ్చు. మన దగ్గర ఎంతోమంది ఆడవాళ్లకు ఉన్న జబ్బే అది.

నా అనుమానం ఇంకా ముందు నుంచే మొదలవుతుంది. మార్కర్‌ను దేనితో పోల్చి సరైందంటున్నాం? 2016లో నిపుణులు, థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే పాపిలరీ క్యాన్సర్‌లో పొర దాటని ఒక రకానికి ‘క్యాన్సర్’ అన్న పేరే తీసేసి నిఫ్ట్‌పీ అన్నారు. అలాంటి 109 మందిని 10 నుంచి 26 ఏళ్లు గమనిస్తే ఒక్కరికీ జబ్బు తిరగబెట్టలేదు. నిన్న పాజిటివ్ వచ్చిన స్లైడు ఇవాళా పాజిటివే, రోగి మాత్రం క్యాన్సర్ జాబితాలో లేరు. మంచి గడ్డకూ చెడ్డ గడ్డకూ మధ్య గీతను డాక్టర్లే జరిపారు మరి. ఆ గీత మీద తీర్పు చెప్పమని ఒక్క ప్రొటీన్‌ను అడగడం అన్యాయం.

ఒక్కటి కాకుండా రెండు మూడు మార్కర్లు కలిపి, స్కానింగ్‌తో సరిచూసుకుంటే మాత్రం ఉపయోగమే. కొన్ని మార్కర్లు గట్టివి కూడా. బ్రాఫ్ అనే జన్యువులో వీ600ఈ అనే మార్పు వల్ల పుట్టే ప్రొటీన్ కనబడితే అది పాపిలరీ క్యాన్సరేనని దాదాపు ఖాయం. కనబడకపోతే మాత్రం క్యాన్సర్ లేదనుకోకూడదు, ఫోలిక్యులర్ రకంలో ఆ మార్పు ఉండదు. మెడ్యులరీ అనే మరో రకం థైరాయిడ్ క్యాన్సర్ కోసం రక్తంలో కాల్సిటోనిన్ అనే హార్మోన్ చూస్తారు.

గడ్డ అనగానే రాసేసే థైరోగ్లోబ్యులిన్ (థైరాయిడ్ కణాలు తయారుచేసే ప్రొటీన్) రక్తపరీక్ష మాత్రం ఆపరేషన్‌కు ముందు దండగ. మామూలు గాయిటర్‌లోనూ అది పెరుగుతుంది. దాని పని, క్యాన్సర్ అని తేలి గ్రంథి మొత్తం తీసేశాక మొదలవుతుంది: అప్పుడు మళ్లీ పెరుగుతుంటే, థైరాయిడ్ కణాలు ఎక్కడో మిగిలాయని వెతకాలి.